ఏ సుబ్బారావు?

"ముందు కుక్క మొరుగుతుంది సార్. తర్వాత బండి ఆగిన చప్పుడు. మా అమ్మ లేచి వరండా లైటు వేస్తుంది. తలుపు కొట్టేది ఆ తర్వాతే."

నా క్లయింటు ఒకతను రాత్రి రెండు గంటల పోలీసు రాకను ఇలా వరసపెట్టి చెప్తాడు. పద్దెనిమిదేళ్ల కిందట జాతరలో జరిగిన ఒక కొట్లాటలో అతని పేరు కూడా రాసేశారు. కేసు నడిచింది. సాక్షుల్లో ఒక్కరూ అతన్ని గుర్తుపట్టలేదు. కోర్టు కొట్టేసింది. స్టేషన్లో తెరిచిన రౌడీషీటు మాత్రం మూతపడలేదు. ఎన్నికలొస్తే బైండోవర్, నిమజ్జనమొస్తే స్టేషన్లో సంతకం, పెద్ద నాయకుడెవరైనా ఊరికొస్తే రెండు రోజుల ముందే పిలుపు. ఇవి కాక ఆ అర్ధరాత్రి తలుపులు. మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకుని పోతారు, అంతే. "అంతే కదా, కొట్టారా, తిట్టారా?" అని నన్నే అడిగిన పెద్దమనుషులున్నారు. కూతురికొచ్చిన రెండు సంబంధాలు ఆ "అంతే" వల్లే వెనక్కి పోయాయని వాళ్లకెవరు చెప్తారు?

అతని కోసం రిట్ పిటిషన్ రాయడానికి కూచున్నప్పుడు నేను మొదట బయటికి తీసిన కాగితాలు 1962 నాటివి. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. అక్షరాలు అలికినట్టున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా ఈ వృత్తిలో ఉండి, ఎన్నిసార్లు ఆ పేజీలను ఆసరా చేసుకున్నానో లెక్కలేదు. వాటిని రాసింది రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు, కోకా సుబ్బారావు. భారతదేశపు ప్రధాన న్యాయమూర్తి పీఠం ఎక్కినవాడు. ఆ సంగతి ఎంతమందికి తెలుసు?

నాలుగేళ్ల కిందట ఒక లా కాలేజీలో మాట్లాడమంటే వెళ్లాను. మూడో సంవత్సరం పిల్లలు, నూటికి దగ్గరగా ఉన్నారు. జస్టిస్ సుబ్బారావు గారి గురించి చెప్తానన్నాను. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, ఎంతో మర్యాదగా, "ఏ సుబ్బారావు సార్?" అంది. వెనక నుంచి ఒకడు "ఎంకి పాటలు రాసినాయన" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ పిల్లలది తప్పని నేననను. ఎంకి పాటల నండూరి సుబ్బారావు ఒకడైనా వాళ్లకు గుర్తున్నందుకు సంతోషమే. కానీ రేపు నల్లకోటు వేసుకుని మనిషి స్వేచ్ఛ గురించి వాదించబోయే పిల్లలకు, ఆ వాదనకు మొదటి ఇటుక పేర్చినవాడు తమ భాష మాట్లాడేవాడని ఎవరూ చెప్పలేదంటే, చెప్పాల్సినవాళ్లంతా ఏం చేస్తున్నట్టు?

ఆ 1962 నాటి కాగితాల కథ చెప్తాను. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఒక బందిపోటు దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేదని వదిలేశారు. వదిలేసినా, పోలీసు రికార్డుల్లో ఆయన పేరు మీద హిస్టరీషీటు తెరిచారు. అప్పట్నుంచి చౌకీదార్లు, కానిస్టేబుళ్లు రాత్రిపూట వచ్చి తలుపు బాదడం, నిద్రలేపి బయటికి రమ్మనడం. ఊరు దాటితే ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావని ఆరా. వెళ్లిన ఊరి స్టేషనుకు ముందుగానే కబురు. అక్కడ ఇరవై ఏళ్లు సాగిన ఈ బతుకుకూ, మా క్లయింటు బతుకుకూ తేడా ఏమైనా ఉందా? చౌకీదారు కాలినడకన వచ్చేవాడు, వీళ్లు బండి మీద వస్తున్నారు. తేడా అదొక్కటే.

ఖరక్ సింగ్ సుప్రీంకోర్టుకెక్కారు. ఆరుగురు న్యాయమూర్తులు విన్నారు. 1962 డిసెంబర్ 18న తీర్పు చెప్పారు. నలుగురు, రాత్రిపూట ఇంటి మీదికి రావడం వరకు తప్పన్నారు. మిగతా నిఘా అంతా ఉండొచ్చన్నారు. ఎవడి వ్యవహారం వాడిది అనుకునే హక్కేదీ మన రాజ్యాంగం ఇవ్వలేదన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయన పక్కన నిలబడ్డారు. వెంట ఒక కన్ను తిరుగుతూ ఉంటే, కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు ఎలా అవుతుందని సుబ్బారావు గారు అడిగారు. అలాంటివాడికి దేశం మొత్తం జైలేనన్నారు. రాజ్యాంగంలో ఆ మాట విడిగా రాసి లేకపోయినా, తన గడప లోపల తను నిశ్చింతగా ఉండటం వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనన్నారు. ఇంతకీ ఈ నిఘా అంతా ఏ చట్టం కింద చేస్తున్నారు? చట్టం లేదు. పోలీసు శాఖ తనకు తాను రాసుకున్న నిబంధనలు, అంతే. చట్టం లేకుండా మనిషి స్వేచ్ఛ మీద చెయ్యి వేయడానికి వీల్లేదు కాబట్టి ఆ నిబంధన మొత్తం చెల్లదన్నారు.

ఏ చట్టం కింద? ఆయన జీవితమంతా సర్కారును అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. మన రెండు రాష్ట్రాల్లో రౌడీషీట్లకు ఆధారంగా చూపేవి కూడా శాసనసభ చేసిన చట్టాలు కావు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. ఆ ఆర్డర్లకు చట్టబలం లేదని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి చెప్పేదాకా మనవాళ్లలో ఎంతమంది ఆ ప్రశ్న గట్టిగా అడిగారు? హైదరాబాదు బస్తీల్లో తెల్లవారుజామున నాలుగు వైపులా దిగ్బంధించి, ఇల్లిల్లూ తిరిగి ఆధార్ కార్డులు చూపించమన్నప్పుడు, ఏ చట్టం కింద అని అడగడానికి ఆ బస్తీవాళ్లకు ధైర్యం ఎవరివ్వాలి? ఇవ్వగలిగినవాడి పేరు మనం వాళ్లకు చెప్పనే లేదు.

నలుగురి మాట నెగ్గింది. ఇద్దరి మాట పుస్తకాల్లో ఉండిపోయింది. యాభై ఐదేళ్లు అలా ఉండిపోయింది. మామూలు జనానికి ఇక్కడొక అనుమానం వస్తుంది: ఓడిపోయిన తీర్పు రాసి ఏం లాభం? లాభం ఏమిటో 2017లో తెలిసింది. ఆధార్ కేసు నడుస్తున్నప్పుడు, ప్రైవసీ అసలు ప్రాథమిక హక్కే కాదని 2015లో కేంద్ర ప్రభుత్వం కోర్టులో నిలబడి వాదించింది. దానికి చేతికర్ర ఎవరు? ఖరక్ సింగ్ కేసులోని ఆ నలుగురే. వ్యవహారం తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందుకెళ్లింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఒక్క మాట మీద ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. ఖరక్ సింగ్ కేసులో నలుగురు చెప్పిన ఆ మాటను కొట్టేశారు. ఆ తొమ్మిదిమందిలో ఒకరు, జస్టిస్ నారీమన్, ఈ దేశ న్యాయచరిత్రలో మూడు గొప్ప అసమ్మతి తీర్పులున్నాయన్నారు. గోపాలన్ కేసులో ఫజల్ అలీది ఒకటి, ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుది ఒకటి, ఎమర్జెన్సీ నాటి జబల్‌పూర్ కేసులో ఖన్నాది ఒకటి. ఖన్నా గారి చిత్రపటం సుప్రీంకోర్టు రెండో నంబరు హాల్లో గౌరవంగా వేలాడుతోంది. వేలాడాల్సిందే, నాకేమీ అసూయ లేదు. కానీ రెండో పేరు విన్న రోజున తెలుగు ఛానళ్లలో ఒక్క గంట చర్చైనా జరిగిందా? ఆ తొమ్మిదిమందిలో కృష్ణాజిల్లా జస్టిస్ చలమేశ్వర్ కూడా ఉన్నారు. అంటే గోదావరి జిల్లా మనిషి వేసిన విత్తనాన్ని మొలకెత్తించిన చేతుల్లో పక్క జిల్లా మనిషి చెయ్యి కూడా ఉందన్నమాట. ఇంతకంటే మంచి కథ ఏ పత్రికకు కావాలి? సినిమా హీరో తాత ఊరేదో కనుక్కోవడానికి విలేకరిని పంపే పత్రికలు, దీనికి రెండు కాలమ్‌లు ఇవ్వలేకపోయాయా?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

ఆయన చిన్నవాడేమీ కాదు. 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీలో చదివి, మద్రాసులో లా చేశారు. కొద్దికాలం బాపట్లలో జిల్లా మున్సబుగా పనిచేసి, ఉద్యోగం వద్దనుకుని మళ్లీ మద్రాసు వెళ్లి ప్రాక్టీసు పెట్టారు. బావమరిది రాజమన్నార్‌తో కలిసి నడిపిన ఆఫీసు అది. ఆ రాజమన్నారే తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుబ్బారావు గారు 1948లో అదే హైకోర్టు న్యాయమూర్తి. ఆంధ్రరాష్ట్రం విడిపోయాక రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వచ్చాయి కదా, 1954 జూలైలో తలుపులు తెరిచిన ఆ గుంటూరు హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో హైకోర్టు హైదరాబాదుకు, మూసీ ఒడ్డున నిజాం కట్టించిన ఎర్రభవనంలోకి మారినప్పుడు కూడా ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంటే ఇవాళ్టి మన రెండు హైకోర్టులకూ పునాదిరోజుల పెద్ద ఆయన. గుంటూరు తరం ప్లీడర్లు ఆయన ముందు నిలబడి ఆర్గ్యుమెంట్ చెప్పాలంటే రాత్రంతా కూచుని చదివేవాళ్లమని చెప్పుకునేవారు. మా సీనియర్ గారికి ఆయన పేరు చెప్తే కుర్చీలో నిటారుగా కూచోవడం అలవాటు. ఆ తరం పోయింది, ఆ కూచోవడమూ పోయింది.

ప్రభుత్వం జవాబు చెప్పుకోవాలి అన్నది మనకు సమాచారహక్కు చట్టంతో, 2005లో వచ్చిన కొత్త మాట అనుకుంటాం. 1958లో సుబ్బారావు గారు రాసిన గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు తీర్పు చదవండి. కృష్ణాజిల్లాలో ప్రైవేటు బస్సులు నడుపుకునేవాళ్ల రూట్లను ఆర్టీసీకి ఇచ్చేయాలని ప్రభుత్వం స్కీము పెట్టింది. అభ్యంతరాలున్నవాళ్లు రావొచ్చంది. వచ్చారు, చెప్పుకున్నారు. విన్నది శాఖ కార్యదర్శి. తేల్చింది ముఖ్యమంత్రి. మెజారిటీ తరఫున రాస్తూ సుబ్బారావు గారు పట్టుకున్నది ఆ ముడినే. ఒకరు వినడం, ఇంకొకరు తేల్చడం అయితే ఇక ఆ వినడం దేనికి? గోడకు చెప్పుకున్నా ఒకటే కదా? కేసు బస్సు ఓనర్లకు అనుకూలంగా తేలింది. ఆ ఒక్క సూత్రం మీద ఆధారపడి దేశంలో ఇప్పటికీ ఎన్ని ఆర్డర్లు కొట్టేస్తారో ఏ హైకోర్టుకు వెళ్లినా కనిపిస్తుంది. బెజవాడ బస్సు ఓనర్లు వేసిన కేసు దేశమంతటికీ పాఠమైంది. బెజవాడలో ఆ సంగతి ఎవరికి గుర్తుంది? ఇవాళ ఏదో ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ అని టెంటు వేసి, కుర్చీలు వేసి, రైతులు మొత్తుకున్నదంతా ఒక డిప్యూటీ కలెక్టరు రాసుకుని, నిర్ణయం మాత్రం ఎక్కడో ఎవరో ఎప్పుడో ముందే చేసేసి ఉన్నప్పుడు, ఆ రైతులకు ఈ తీర్పు సంగతి తెలిసుంటే ఎంత బలం!

ఇప్పుడు నాకు తెలిసిన ఒక ఆరోపణ దగ్గరికి వస్తాను. ఎందుకంటే దాన్ని దాటేస్తే నన్నూ అనుమానించాలి. సుబ్బారావు గారు ఆస్తిపరుల జడ్జి అంటారు. అభ్యుదయవాదులైన మిత్రులు ఆయన పేరెత్తగానే ముఖం చిట్లిస్తారు. కారణం గోలక్‌నాథ్ కేసు. పంజాబులో ఐదొందల ఎకరాలు పైబడి ఉన్న కుటుంబం, భూసంస్కరణ చట్టం మీద వేసిన కేసు అది. 1967 ఫిబ్రవరి 27న, పదకొండుమందిలో ఆరుగురి మెజారిటీతో, ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణలు పార్లమెంటు చేయడానికి వీల్లేదని ఆయన తీర్పు చెప్పారు. ఆస్తి హక్కు విషయంలో ఆయన మొగ్గు ఎటుందో నేనూ చదివాను. పేదవాడికి భూమి పంచే చట్టం ఎదుటికొచ్చిన ప్రతిసారీ ఆయన కలం కొంచెం గట్టిగానే అడ్డుపడింది. దాన్ని నేను సమర్థించను.

కానీ ఆస్తిపరుల జడ్జి అనేసి ఊరుకునేవాళ్లు 1963 నాటి దేవదాసన్ కేసు చదివారా? షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఒక ఏడాది నిండని ఉద్యోగాలను తర్వాతి ఏడాదికి కలిపే పద్ధతి చెల్లదని నలుగురు న్యాయమూర్తులు కొట్టేశారు. ఒక్కరు మాత్రం చెల్లుతుందన్నారు. ఆ ఒక్కరు ఈ ఆస్తిపరుల జడ్జే. దూకుడు నేర్పించిన పందెపు గుర్రాన్నీ, మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరిగెత్తమంటే అది సమానత్వమా అని అడిగారాయన. రిజర్వేషన్ అనేది సమాన అవకాశాలకు మినహాయింపు కాదు, ఆ అవకాశాన్ని నిజం చేసే దారి అన్నారు. 1975లో థామస్ కేసులో, 1992లో మండల్ కేసులో సుప్రీంకోర్టు వచ్చి చేరింది ఆయన నిలబడ్డ చోటికే. సామాజిక న్యాయం గురించి మన దగ్గర ఎన్ని సభలు, ఎన్ని ఊరేగింపులు! ఆ వేదికల మీద ఈ ఒంటరి తీర్పు గురించి ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. మిత్రులు గోలక్‌నాథ్ కోపంతో దేవదాసన్‌ను కూడా పారేశారు. ఇది ఏ లెక్క న్యాయం?

గోలక్‌నాథ్‌ను కూడా అంత తేలిగ్గా తీసేయొద్దు. ఆ తీర్పును తొక్కేయడానికి పార్లమెంటు 1971లో ఇరవై నాలుగో సవరణ తెచ్చింది. దాని మీదే 1972లో కేశవానంద భారతి కేసు పదమూడుమంది ముందుకొచ్చింది. అరవై ఎనిమిది రోజులు వాదనలు. గోలక్‌నాథ్ తీర్పును కొట్టేశారు, నిజమే. కానీ రాజ్యాంగపు మౌలిక స్వరూపం జోలికి పార్లమెంటు పోకూడదన్నారు, ఏడుగురు ఇటు, ఆరుగురు అటు. ఆ ఏడుగురిలో మన పింగళి జగన్మోహన్‌రెడ్డి గారు ఒకరు. ఆయన కూడా ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి వెళ్లినవారే. ఒక్క ఓటు అటు పడితే మన రాజ్యాంగం కథ ఇంకోలా ఉండేది. పార్లమెంటుకు హద్దుందని మొదట గీత గీసిందొక తెలుగువాడు, ఆ గీతను సరిచేసి నిలబెట్టిన ఒక్క ఓటు మెజారిటీలో ఉన్నదింకొక తెలుగువాడు. ఇద్దరి పేర్లూ మన పిల్లలకు తెలియవు. ఢిల్లీలో తెలుగువాడి సత్తా అని ఎన్నికలప్పుడు గొంతు చించుకునే నాయకులారా, సత్తా అంటే మంత్రిపదవులు లెక్కపెట్టుకోవడమేనా?

గోలక్‌నాథ్ అయిన నెలన్నరకు, 1967 ఏప్రిల్ 10న, ఆయన ఇంకో తీర్పు చెప్పారు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమంది ప్రభుత్వం. ఎందుకంటే, ఇవ్వడం మానడం మా ఇష్టం అంది. అప్పటికి పాస్‌పోర్టు ఇవ్వడానికి, నిరాకరించడానికి చట్టమంటూ లేదు, అంతా సర్కారు దయ. మళ్లీ ఆ పాత ప్రశ్నే: ఏ చట్టం కింద? ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. విదేశానికి వెళ్లిరావడం వ్యక్తి స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా ఆపడానికి లేదని తేలిపోయింది. ఆ దెబ్బకు ప్రభుత్వం హడావిడిగా కదిలి, అదే ఏడాది పాస్‌పోర్టు చట్టం చేసింది. ఇవాళ డల్లాస్‌లో, న్యూజెర్సీలో మహాసభలు పెట్టుకుని, ఇక్కణ్ణుంచి గాయకులను, కమెడియన్లను విమానాల్లో పిలిపించుకునే సోదరులారా, జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లే అన్నా, కోనసీమ నుంచి కువైట్ వెళ్లే అక్కా, మీ చేతిలోని ఆ చిన్న పుస్తకం ఏ ఆఫీసరూ తన ఇష్టమొచ్చినట్టు లాక్కునే వీలు లేకుండా చేసినవాడి పేరు మీకెవరైనా చెప్పారా? అన్నం పెట్టిన చేతిని మరిచిపోవడం అంటే ఇదే.

ఆ తీర్పు చెప్పిన మర్నాడే, పదవీకాలం ఇంకా మూడు నెలలుండగా, రాజీనామా చేశారు. ప్రతిపక్షాలు కలిసి నిలబెడితే రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, ఈయనకు 3,63,971. ఓడిపోయారు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీ దిగి నేరుగా ఎన్నికల్లోకి దిగడం తప్పని అప్పుడే చాలామంది అన్నారు. నేనూ అంటాను. అది చేయకుండా ఉంటే ఆయన పేరు ఇంకాస్త నిష్కళంకంగా ఉండేది. అయితే ఒక్క తేడా చూడండి. ఆయన ప్రభుత్వం ఇచ్చే పదవికి చెయ్యి చాచలేదు, ప్రభుత్వానికి ఎదురు నిలబడి ఓడిపోయాడు. పదవీ విరమణ చేసిన నాలుగు నెలలకే రాజ్యసభకు నామినేట్ అయిన ప్రధాన న్యాయమూర్తిని మనం 2020లో చూశాం. దాని గురించి నాలుగు రోజులు గొణిగి మానేశాం. అలాంటి కాలంలో ఉండి, ఆ ఎన్నికను పట్టుకుని ఈయన్ను మూలన పడేయడానికి మనకేం అర్హత ఉంది?

ఎమర్జెన్సీ వచ్చింది. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో నలుగురు న్యాయమూర్తులు, అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకు వెళ్లే దారి లేదన్నారు. ఒక పోలీసు పగబట్టి మనిషిని చంపేసినా దిక్కు లేదా అని అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని ప్రభుత్వ న్యాయవాది ఒప్పుకున్నాడు. ఏ చట్టం కింద అన్న ప్రశ్నే అడగకూడదని దేశపు అత్యున్నత న్యాయస్థానం తేల్చేసిన రోజది. ఆ తీర్పు వచ్చిన ఎనిమిదో రోజున, మే 6న, సుబ్బారావు గారు చనిపోయారు. పత్రికల మీద సెన్సారు. దేశం నోరు నొక్కేసిన వేళ పోయారు కాబట్టి అప్పుడు తగినంత చెప్పుకోలేకపోయాం అనుకుందాం. ఎమర్జెన్సీ 1977లో పోయింది. ఆ తర్వాత మన నోరు ఎవరు నొక్కారు?

అయ్యా, రెండు రాష్ట్రాల ఏలికలూ, జిల్లాలకు పేర్లు మారుస్తారు, పథకాలకు పేర్లు తగిలిస్తారు, ప్రభుత్వం మారితే ఆ పేర్లు పీకి కొత్తవి పెడతారు. విగ్రహాల ఎత్తులో పోటీలు పడతారు. నేను విగ్రహం అడగడం లేదు. విగ్రహానికి ఏడాదికొక దండ, మిగతా మూడొందల అరవై నాలుగు రోజులు కాకులు. నేనడిగేది కాగితాలు. ఖరక్ సింగ్ కేసులో, దేవదాసన్ కేసులో ఆయన రాసిన అసమ్మతి, గుల్లపల్లి కేసు తీర్పు, ఈ మూడింటినీ మంచి తెలుగులో, చదివితే మా క్లయింటు తల్లికి కూడా అర్థమయ్యే తెలుగులో అచ్చు వేయించండి. ఎంతవుతుంది? ఒక మంత్రి గారి పుట్టినరోజు ప్రకటన ఖర్చులో ఎన్నో వంతు? పదో తరగతి సాంఘికశాస్త్రంలో ఒక పాఠం పెట్టండి. ప్రతి పోలీసు స్టేషన్లో, వాంటెడ్ ఫోటోల పక్కన, మనిషి ఇంటి తలుపు గురించి ఆయన అన్న మాటలు నాలుగు వాక్యాలు అతికించండి. చేతకాదా? అతికిస్తే స్టేషన్‌కొచ్చినవాళ్లు చదువుతారన్న భయమా?

బార్ కౌన్సిళ్ల పెద్దలారా, ఎన్నికలొస్తే మీరు పెట్టే విందులు, పంచే డైరీలు చూస్తూనే ఉన్నాం. ఆ డైరీ మొదటి పేజీలో దేవుడి బొమ్మ వేస్తారు, తర్వాత మీ బొమ్మ వేసుకుంటారు. ఆయన బొమ్మకు చోటు లేదా? జాతీయ లా యూనివర్సిటీలు మన దగ్గర రెండున్నాయి, హైదరాబాదులో ఒకటి, విశాఖలో ఒకటి. అక్కడ చదివే పిల్లలు అమెరికా న్యాయమూర్తుల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్తారు. తప్పు లేదు, గోలక్‌నాథ్‌లో సుబ్బారావు గారు కూడా అమెరికా తీర్పుల్లోంచి ఒక పద్ధతి తెచ్చుకున్నారు, పాత సవరణలను కదపకుండా ముందు ముందు చేసేవాటికే తీర్పు వర్తింపజేయడానికి. ఆయన అక్కడిది తెచ్చి ఇక్కడ నాటాడు. మనం ఇక్కడున్నదాన్ని కూడా గుర్తుపట్టలేకపోతున్నాం.

రాజమండ్రీ, నిన్ను కూడా అడగాలి. వీరేశలింగం గారి ఇల్లు కాపాడుకున్నావు, సంతోషం. ధవళేశ్వరంలో కాటన్ దొరకు మ్యూజియం ఉంది, గోదావరి రైతు ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెడతాడు. నీళ్లిచ్చినవాడు గుర్తున్నాడు. సంస్కారం నేర్పినవాడు గుర్తున్నాడు. నీ బిడ్డల తలుపు మీద అర్ధరాత్రి పడే లాఠీకి అడ్డం నిలబడ్డవాడు ఏమయ్యాడు?

మొన్న రిట్ వాయిదాకు మా క్లయింటు వచ్చాడు. మామూలుగానే కేసు పిలుపుకు రాలేదు, వచ్చే నెలకు వేశారు. కారిడార్లో బెంచీ మీద కూచుని నా ఫైలు చూస్తున్నాడు. ఇంగ్లీషు రాదు. పసుపు పెన్నుతో గీతలు గీసిన ఆ జిరాక్సు పేజీల మీద వేలు పెట్టి, ఇదేంటని అడిగాడు. చెప్పాను. ఖరక్ సింగ్ సంగతి, తలుపు సంగతి, నలుగురు ఒకలా ఇద్దరు ఒకలా అన్న సంగతి. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అంతా విన్నాక, "రాసినాయన పేరేంటన్నారు?" అన్నాడు.

"సుబ్బారావు గారు. మీ వైపే. రాజమండ్రి."

"మా రాజమండ్రా!" అని లేచి నిలబడ్డాడు. అతని ఊరు అక్కడికి గంట ప్రయాణం. "ఇల్లెక్కడండీ సార్? ఏ పేట?"

దేశంలో ఎక్కడెక్కడి తీర్పుల పేజీ నంబర్లు చెప్పగలిగే నాకు నోట మాట రాలేదు. కనుక్కుని చెప్తానన్నాను. అతను మళ్లీ ఫోన్ చేశాడు, కేసు గురించి కాదు, ఆ ఇంటి గురించి. అమ్మను ఒకసారి తీసుకెళ్లి చూపిస్తాడట. ఇంకా కనుక్కోలేదు.